గోడ ఎక్కించిన సిస్టరమ్మ

పదో తరగతి పరీక్షల డ్యూటీ ముగించుకుని తాడిపత్రి బస్టాండులో నిలబడి ఉన్నాను. బండల లారీలు లేపిన తెల్ల దుమ్ము కొంగుతో దులుపుకుంటూ, రాని బస్సును మనసులో తిట్టుకుంటూ ఉంటే, ఒకావిడ ఎదురుగా వచ్చి నా ముఖంలోకి తేరిపార చూసింది.

"నువ్వు ధర్మవరమామె కూతురివి కదమ్మా? నేను గుత్తామెను. బెంగుళూరు ఆస్పత్రిలో గోడకాడ మీయమ్మ పక్కనే నిలబడతాంటి."

గుర్తొచ్చింది. అప్పుడు ఎండిపోయిన కట్టెలా ఉండేది, ఇప్పుడు ఒళ్లు చేసింది.

"మీయమ్మ ఎట్లుండాది?"

"బాగుండాది. మగ్గం మీదనే ఉండాది."

"సిస్టరమ్మ పోయిందమ్మా. మొన్న చూపించుకోను పోతే చెప్పినారు. గుండె ఆగిపోయిందంట. నిద్దట్లోనే."

ఇంతలో నా బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ ఉంటే నేనూ ఎక్కేశాను. కిటికీ పక్కన కూర్చున్నాక ఏడుపు వచ్చింది. ఇంటికి పోయి అమ్మకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ ఉంటే ఇంకో సంగతి తట్టింది. ఆమె పేరు నాకు తెలియదు. మా అమ్మకూ తెలియదు. అంత ఉపకారం పొందినవాళ్లం, ఒక్కరోజైనా పేరు అడగలేదు. పిల్లలకు హాజరు పిలిచే ఉద్యోగం చేస్తూ కూడా నాకు ఆ మాత్రం తోచలేదు. సిగ్గేసింది.

తప్పు కొంత ఆమెది కూడా. రోగులను ఆమె ఎప్పుడూ ఊళ్ల పేర్లతోనే పిలిచేది. "ఏం ధర్మవరం, నిద్రపోతాండావా?", "గుత్తీ, ఆ మోచెయ్యి వంచొద్దు!" అని. అందుకు బదులు మేము ఆమెను గోడ సిస్టరు అనుకున్నాం. నిజానికి ఆమె నర్సు కాదు. ఆపరేషన్ అయినవాళ్ల చేతులకు కసరత్తు చేయించడం ఆమె పని. దానికొక ఇంగ్లీషు పేరుంది, మా అమ్మకు నోరు తిరగలేదు. 

ఆమె పుట్టింది తాడిపత్రిలో. తండ్రి బండలు చెక్కేవాడట. "మా నాయన బండలు సాపు చేసినాడు, నేను చేతులు సాపు చేస్తాండా" అనేది. పొట్టి మనిషి. మెడలో నల్లదారానికి ఒక పెన్సిలు వేలాడుతూ ఉండేది. రవికకు కుడిచేయి మాత్రం మణికట్టు దాకా పొడుగు. ఎప్పుడు చూసినా ఎడమ చంకలో ఒక ముక్కాలిపీట. ఆ పీట మీద ఇంకెవరినీ కూర్చోనిచ్చేది కాదు. ఒకసారి నేను తెలియక కూర్చుంటే, "లెయ్ టీచరమ్మా, నీకు గవర్నమెంటు కుర్చీ ఇచ్చినారు కదా" అని లేపేసింది.

రొమ్ము ఆపరేషన్ అయిన ఆడవాళ్లను వరండాలో గోడకు ఎదురుగా నిలబెట్టి, వేళ్లతో గోడ ఎక్కించేది. చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని తర్వాత ఒకటి పైకి నడిపిస్తూ చేతిని ఎత్తుకుంటూ పోవాలి. ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలుతో గీత గీసి తేదీ వేసేది. గోడ మీద ఒక్కొక్కరికి జానెడు వెడల్పు జాగా, ఆ జాగా పైన ఊరి పేరు. నొప్పి అని ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆమె అనే మాట ఒకటే. "ఏడుస్తా ఎక్కు, తిట్టుకుంటా ఎక్కు, నాకేం బాధ లేదు. ఎక్కు." సున్నం కొట్టేవాళ్లు ఒకసారి బకెట్లతో ఆ వరండాలోకి వచ్చారు. "నా గోడ జోలికొస్తే ఆ సున్నం మీ మొగాలకు పూస్తా" అని అడ్డం నిలబడింది. ఆస్పత్రి అంతా తెల్లగా అయింది, ఆ గోడ తప్ప.

మా అమ్మ ఆ గోడ దాకా ఎలా వచ్చిందో చెప్పాలి.

నాయనకు చూపు మందగించాక ఇంట్లో మగ్గం మీద కూర్చునేది అమ్మే. నాయన పడుగు పోగులు సవరించేవాడు, అవ్వ అంటే నాయన తల్లి, పట్టుదారం కండెలకు చుట్టేది. నేను రాప్తాడు బడిలో కొత్తగా టీచరుగా చేరాను. ఒకరోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ కుడి చంకలో తువ్వాలు మడిచి పెట్టుకుని నేస్తోంది. ఏమని అడిగితే చెమట అంది. మర్నాడూ చెమటే అంది. మాఘమాసపు చలిలో చెమటేమిటని గట్టిగా పట్టుకుంటే అప్పుడు చూపించింది. కుడి రొమ్ములో రేగుపండంత గడ్డ. నాలుగు నెలలుగా ఉందట.

నేను కేకలు వేశాను. కోపం వస్తే నాకు నోరు ఆగదు. అమ్మ నెమ్మదిగా, "వీధి చివరామెను చూసినావు కదా" అంది.

ఆ ఒక్క మాటతో నాకు విషయం అర్థమైంది. మా వీధి చివరి ఇంటావిడకు ఎన్నో ఏళ్ల కిందట ఇదే జబ్బు వస్తే రొమ్ముతో పాటు కింద కండ కూడా ఎముక దాకా తీసేశారు. ఆమె బతికింది. కానీ చేయి వాచిపోయి పక్కకు అంటుకుపోయినట్టు ఉండేది. మళ్లీ మగ్గం గుంటలో దిగలేదు. అరుగు మీద కూర్చుని ఏ మగ్గం చప్పుడు ఎవరిదో చెబుతూ ఉండేది. అమ్మ భయపడింది చావుకు కాదు, ఆ అరుగుకు.

"చెయ్యి పొయ్యేదైతే నాకు ఆ వైద్యం వద్దు. నేను కూర్చుంటే మీ నాయన, అవ్వ ఏం తింటారు?" అంది. నా జీతం ఉంది కదా అన్నాను. "రేపు నీకు పెండ్లయితే?" అంది.

అనంతపురంలో లేడీ డాక్టరు చూసి, ఆలస్యం చేయకుండా బెంగుళూరు పొమ్మని చీటీ రాసింది. అమ్మను బతిమాలి, బెదిరించి, చివరికి "చూపించుకుని వద్దాం, కోయించుకోనవసరం లేదు" అని అబద్ధం చెప్పి రైలెక్కించాను.

ఆ ఆస్పత్రిలో అప్పుడే ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టారు. అంతకుముందు అన్నిచోట్లా ఉన్నది ఒకటే దారి. ముందు కోసే డాక్టరు కోసేవాడు. ఆ తర్వాత చీటీ రాసి కిరణాల డాక్టరు దగ్గరికి తోలేవాడు. ఆయన ఇంకొకరి దగ్గరికి. ఇక్కడ మాత్రం కత్తి పట్టకముందే కోసే డాక్టరు, కిరణాల డాక్టరు, మందుల డాక్టరు, ముక్క పరీక్ష చేసే డాక్టరు బుధవారం ఒక గదిలో కూర్చుని, రోగిని ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకునేవారు. అమ్మ దానికి పంచాయితీ అని పేరు పెట్టింది.

ఆ పంచాయితీలో గోడ సిస్టరుకు కుర్చీ లేదు. ఆపరేషన్ అయ్యాక చేతులు ఆడించే మనిషికి ముందే ఏం పని అని ఎవరో అన్నారట. ఆ పై బుధవారం నుంచి ఆమె తన ముక్కాలిపీట తానే తెచ్చుకుని మూలన వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. పొమ్మని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అమ్మ ఒంటరిగా రానంటే నన్నూ లోపలికి రానిచ్చారు. డాక్టర్లు ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. నాకు కొంత తెలుస్తూనే ఉంది. కోసే డాక్టరే వాళ్లలో పెద్ద డాక్టరు, కండతో సహా తీసేయడమే క్షేమం అంటున్నాడు. నేను అమ్మ వైపు చూడలేకపోయాను. అప్పుడు మూలనుంచి గొంతు వినిపించింది.

"ఏం పని చేస్తావమ్మా నువ్వు?"

ఆ గదిలో అమ్మకు అర్థమైన మొదటి మాట అది.

"మగ్గం నేస్తానమ్మా."

"ఏ చేత్తో?"

"రెండు చేతులూ కావాల. కాళ్లూ కావాల."

"చూపించు."

అమ్మ నా వైపు చూసింది. చూపించమన్నాను. ఆమె కుర్చీలో ముందుకు జరిగి, లేని గుంటలో కాళ్లు పెట్టుకుని, లేని తాడును కుడిచేత్తో లాగింది. ఆ తాడు లాగితే పోగును మోసుకుని నాడె అటు పరుగెత్తుతుంది, ఇంకోసారి లాగితే ఇటు. ఎడమచేత్తో పలకను గుంజి పోగును దగ్గరికి కొట్టాలి. నాలుగు పోగులు వేసేసరికి అమ్మ ఎక్కడుందో మరిచిపోయింది. చేయి ఆడుతూనే ఉంది. డాక్టర్లు నలుగురూ మాటలు ఆపి చూస్తున్నారు.

గోడ సిస్టరు పీట మీంచి లేచి వచ్చి, తాడు లాగినప్పుడల్లా అమ్మ రొమ్ము పైన కదులుతున్న కండ మీద వేలు పెట్టింది. "సార్, మీరు తీసేస్తామనేది దీన్నే. మీకు అది గంట పని. ఆమెకు అది రోజుకు వెయ్యిసార్లు కావాల."

పెద్ద డాక్టరు కన్నడం ఆయన. తెలుగు వచ్చు. కోపం వస్తుందనుకున్నాను. ఆయన లేచి, అమ్మను నడుం మీద చేయి పెట్టి గట్టిగా నొక్కమని చెప్పి, గడ్డను మళ్లీ పరీక్షగా చూశాడు. కిరణాల డాక్టరును పిలిచి ఆయననూ చూడమన్నాడు. కండ బిగిసినా గడ్డ కదులుతూనే ఉంది. అంటే కండకు అంటుకోలేదు. కండ వదిలేస్తే మిగిలినచోట కిరణాలు పెడతానని ఒకాయన, ఎక్కడైనా కంటికి కనపడనిది ఉంటే దానికి సూదిమందు ఇస్తానని ఇంకొకాయన అన్నారు. పెద్ద డాక్టరు అమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"తెరిచినప్పుడు అంటుకొని కనిపిస్తే తీసేస్తానమ్మా. ప్రాణం ముందు, చేయి తర్వాత. అంటుకోకపోతే వదిలేస్తాను. ఇంతకంటే మాట ఇవ్వలేను."

అమ్మ ఒప్పుకుంది. ఇంట్లో నేను ఎంత అరిచినా ఒప్పుకోని మనిషి, ఆ సగం మాటకు ఒప్పుకుంది. ఎందుకని తర్వాత అడిగితే, "నువ్వు అరిచినావు. వాళ్లు అడిగినారు" అంది.

ఆపరేషన్ రోజున నేను ఎలా ఉన్నానో చెప్పడం అనవసరం. మధ్యాహ్నం పెద్ద డాక్టరు బయటికి వచ్చి "కండ ఉంది" అని రెండే మాటలు అని వెళ్లిపోయాడు. ఆయన పాదాలకు దండం పెట్టాలనిపించింది, అప్పటికే మలుపు తిరిగిపోయాడు.

మూడో రోజే గోడ సిస్టరు వచ్చి "లెయ్, ధర్మవరం" అంది. చేయి భుజం దాకా కూడా లేవలేదు. కండ మిగిలింది కదా, అంతా అయిపోయిందని మేమనుకున్నాం. అసలు కష్టం అప్పుడు మొదలైంది. పైగా ఆ చేయి తల మీదికి పోతేనే కోబాల్టు మిషన్ కింద పడుకోవడానికి వీలవుతుంది, లేకపోతే కిరణాలు పడాల్సినచోట పడవు. కిరణాల డాక్టరు రోజూ గోడ దగ్గరికి వచ్చి గీత ఎంత పైకి పోయిందో చూసి వెళ్లేవాడు. అమ్మ ఏడుస్తూ ఎక్కింది. తిట్టుకుంటూ కూడా ఎక్కింది. నాకు వినపడింది.

కసరత్తు ఎలా చేయాలో ఆమె ఎప్పుడూ ఎడమచేత్తోనే చూపించేది. అమ్మ ఊరుకోక ఒకరోజు అడిగేసింది. "కుడిచేత్తో చూపించు సిస్టరమ్మా, నాది కుడిచెయ్యి కదా."

ఆమె రవిక చేయి పైకి లాగి చూపించింది. మా వీధి చివరామె చేయే అది. వాచి, బిగిసి, భుజం దగ్గర ఆగిపోయిన చేయి.

"పదిహేనేండ్లయింది. నాకు పంచాయితీ జరగలేదు, ధర్మవరం. ఒక్క డాక్టరు, ఒక్క కత్తి. తప్పు ఆయనది కాదు. అప్పుడు అదే వైద్యం. ప్రాణం నిలబెట్టినాడు, ఆయనకు దండం పెట్టుకుంటా. చెయ్యి సంగతి ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. అడగొచ్చని తెల్దు." రవిక దించుకుని, "ఏం చూస్తాండావు? ఎక్కు" అంది.

కిరణాలు మొదలైన మొదటి వారంలోనే మా ఇంట్లో ఒక ఘనకార్యం జరిగింది. కిరణాలు ఎక్కడ పడాలో తెలియడానికి అమ్మ ఛాతీ మీద ఊదారంగు సిరాతో గీతలు గీసి, అయిదు వారాలు అక్కడ నీళ్లు తగలకూడదని చెప్పి పంపారు. శని ఆదివారాలు మిషన్ ఉండదు కాబట్టి రైలెక్కి ఇంటికి వచ్చాం. ఆస్పత్రి మైలతో ఇంట్లోకి రానివ్వడమే అవ్వకు ఇష్టం లేదు. ఇక మగ్గం దగ్గరికా? తలకు పోసుకుంటే గానీ ముట్టనీయనంది. అమ్మకేమో మగ్గాన్ని ఒక్కసారి తాకాలని ప్రాణం కొట్టుకుంటోంది. నేను బజారుకు పోయి వచ్చేలోపల అవ్వ సీకాయతో తలంటి, పసుపు పెట్టి రుద్ది, శుభ్రంగా నీళ్లు పోసేసింది. నేను వచ్చేసరికి అమ్మ తడి జుట్టుతో మగ్గం పక్కన కూర్చుని పడుగును నిమురుతోంది. ముఖంలో ఎంత ఆనందమో. ఛాతీ మీద ఒక్క గీత లేదు.

సోమవారం కిరణాల డాక్టరు మండిపడ్డాడు. మళ్లీ కొలతలు తీయాలి, రెండు రోజులు పోతాయి, మధ్యలో ఆపకూడని వైద్యం ఇది అని. నేనూ ఆయనతో కలిసి అమ్మను తిట్టాను. గోడ సిస్టరు మా ఇద్దరినీ పట్టించుకోలేదు.

"నీళ్లు పోసిందెవరు?"

"మా అత్త" అంది అమ్మ.

"ఆమెను పిలిపించు."

"ఆమె ఆస్పత్రి గడప తొక్కదమ్మా" అన్నాను.

"కోడలు బతకాలంటే తొక్కుతాది. నేను రమ్మన్యానని చెప్పు."

నాయన తోడుగా అవ్వ వచ్చింది. ముక్కు మీద కొంగు పెట్టుకుని, దేన్నీ తాకకుండా, పోట్లాటకు సిద్ధంగా వచ్చింది. గోడ సిస్టరు తన ముక్కాలిపీటను అవ్వకు వేసింది. ఆ పీట మీద ఇంకో మనిషి కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత కిరణాల డాక్టరుతో, "ఈ పెద్దమ్మ ముందర గీయండి సార్, ఏ గీత ఏంటికో చెప్పండి, నేను తెలుగులో చెప్తా" అంది. ఆయన గొణుక్కుంటూనే గీశాడు. ఇక్కడినుంచి ఇక్కడికే కిరణం పడాలి, ఇటు జరిగితే ఊపిరితిత్తికి తగులుతుంది, అటు జరిగితే జబ్బు మిగిలిపోతుంది అని చెబుతూ పోయారు ఇద్దరూ.

అవ్వ కొంగు ముక్కు మీంచి ఎప్పుడు తీసిందో తెలియదు. వంగి చూస్తోంది.

"పడుగు మీద గుర్తు పెడతాం కదప్పా, యాడ అంచు, యాడ కొంగు అని. అట్లాంటిదేనా ఇది?"

"అదే పెద్దమ్మా, సరిగ్గా అదే."

"గుర్తు చెరిపేస్తే చీరంతా చెడుతుంది. ఆ మాట ముందే చెప్పి ఉంటే నేనేంటికి నీళ్లు పోస్తాను? మీ డాక్టర్లకు చెప్పే తెలివి లేదు" అని అవ్వ ఎదురు తిట్టింది. నాకు నవ్వాగలేదు. గోడ సిస్టరు మాత్రం నవ్వలేదు. "తప్పు మాదే. ఇంక ఈ గుర్తులకు కాపలా నువ్వు" అంది.

మిగిలిన వారాలన్నీ అవ్వ బెంగుళూరులోనే ఉండిపోయింది. అమ్మ చెంబు ముట్టుకుంటే చాలు, వెనకే నిలబడేది. మళ్లీ ఇంటికి వచ్చిన రోజున గడపలో తానే పసుపునీళ్లు చల్లి, "ఈ పొద్దుకు మైల పోయింది, పో, మగ్గం ముట్టుకో" అంది. నలభై ఏళ్ల పట్టింపును ఆమెతో వదిలించడం మా తాతకే చేతకాలేదని నాయన ఆశ్చర్యపోయాడు.

సూదిమందుల నెలలు గడిచాయి. అమ్మ మొదట రోజుకు జానెడు నేసింది, తర్వాత మూరెడు. మూడేళ్లపాటు చూపించుకోవడానికి పోతూ వచ్చాం. పోయినప్పుడల్లా బుధవారం డాక్టర్ల కంటే ముందు గోడ దగ్గరికే పోయేది అమ్మ.

మూడో ఏడు చివర, ఇక ఏడాదికి ఒకసారి వస్తే చాలన్న రోజు, ఆమెకు చెప్పి వద్దామని వరండాలోకి పోయాం. కసరత్తులు అయిపోయాయి. ఒక్కతే పీట మీద కూర్చుని ఉంది. జుట్టు విడిపోయి మెడ చుట్టూ పడి ఉంది, ఒంటిచేత్తో ముడి వేసుకోవాలని చూస్తోంది, అది జారిపోతోంది. మమ్మల్ని చూసి సిగ్గుపడింది. ఆమె సిగ్గుపడటం నేను అంతకుముందు చూడలేదు.

"వార్డు ఆయమ్మ రోజూ అల్లిపెడతాది. ఈ పొద్దు సెలవు పెట్టింది" అంది.

అమ్మ చేతిలో సంచి నాకిచ్చింది. గోడ సిస్టరు వెనక్కి పోయి నిలబడి, నా తలలో గుచ్చుకున్న దువ్వెన తీసుకుంది.

"తిరుగు సిస్టరమ్మా."

అమ్మ కుడిచేయి పైకి లేచింది. భుజం దాటింది, ఆమె నడినెత్తి మీదికి పోయింది. పాయ తీసింది, నున్నగా దువ్వింది. పట్టుపోగులు సవరించినంత శ్రద్ధగా మూడు పాయలు అల్లుకుంటూ వచ్చింది. గోడ సిస్టరు వెన్ను నిటారుగా పెట్టి కదలకుండా కూర్చుంది. కళ్లు మూసుకుంది. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

జడ సగం పడ్డాక, రోగులందరినీ అడిగినట్టే అడిగింది.

"చెయ్యి నొప్పుండాదా?"

"లేదమ్మా" అంది అమ్మ, చేయి దించకుండానే. "నీకు జడ బిగువుగా ఉండాదా?"